నైరుతి గది మీద గ్రానైటు

నేల కంటే ముందు చూడాల్సినవి

పాత ఇళ్ళలో కొత్త నేల వేయించడం నా వృత్తి. సివిల్ డిప్లొమా చదివాను. కొన్నాళ్ళు అపార్టుమెంట్ల దగ్గర సూపర్‌వైజరుగా చేశాను. ఆ పని నాకు పడక గుంటూరు చుట్టుపక్కల పాత మేడల మీద పడ్డాను. నాపరాళ్ళు పీకి టైల్సు వేయడం, గచ్చు బాగుచేయడం, కుంగిన గదిని లెవెలుకి తేవడం, ఇవే నా రోజులు. ఇప్పుడు రిటైరయ్యాను గానీ నోరు రిటైరు కాలేదని మా ఆవిడ అంటుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నలుగురు కూర్చోబెట్టి రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. కోపం ముక్కు మీద ఉండే మనిషిని, అక్కడక్కడా మాట జారితే సర్దుకోండి.

మీరు వెళ్ళగానే ఏం చేస్తారో నాకు తెలుసు. లేజర్ లెవెలు పెడతారు, ఫోన్లో టైల్స్ డిజైన్లు చూపిస్తారు, ఇంటావిడకి ఏ రంగు నచ్చిందో రాసుకుంటారు. అదంతా చివర చేయాల్సిన పని. పాత ఇంట్లో అడుగుపెట్టినవాడు ముందు పైకి చూడాలి. తర్వాత తలుపులు చూడాలి. తర్వాత ఆ ఇంట్లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో అడగాలి. మన నల్లరేగడి భూమి వానకి ఉబ్బుతుంది, ఎండకి నోళ్ళు తెరుస్తుంది. దాని మీద తరాల తరబడి నిలబడిన ఇల్లు ఎక్కడో ఒకచోట సర్దుకునే ఉంటుంది. అది తెలుసుకోకుండా పైన బరువు పరిచేవాడు నా దృష్టిలో ఇంజనీరు కాదు, సేల్స్‌మన్.

ఇంకో సంగతి ఏ కాలేజీలోనూ చెప్పరు. మనవైపు ఇంటికి నైరుతిలో బరువు ఉండాలంటారు. మంచిదే, నేను వాస్తుని వెక్కిరించే మనిషిని కాను. కానీ దాని ఫలితం ఏమిటో చూడండి. డాబా మీద నీళ్ళ ట్యాంకు నైరుతిలో పెడతారు. బీరువా నైరుతిలో పెడతారు. మిర్చి బస్తాలు, పత్తి బోరాలు ఇంట్లో నిలవ చేయాల్సి వస్తే నైరుతి గదిలోనే వేస్తారు. మళ్ళీ ఇంటికి పెద్దవాళ్ళు పడుకునే గది కూడా అదే. అంటే ఇంట్లో బరువంతా ఎక్కడ చేరుతుందో సరిగ్గా దాని కింద మనుషులు పడుకుంటారు. అందుకే ఏ పాత ఇంటికి వెళ్ళినా "నైరుతి గది ఏదండీ" అని ముందుగా అడిగేవాణ్ణి. వాళ్ళు నన్ను వాస్తు మనిషి అనుకుని కాఫీ ఇచ్చి మర్యాద చేసేవాళ్ళు.

ఆ గది గురించే ఇదంతా.

"అలాగేలెండి"

పెదకాకాని దాటాక లోపలికి ఒక ఊరు. ఊరి పేరు వద్దు. శ్రీనివాసరావు గారని మిర్చి కమిషన్ వ్యాపారి. మనిషి మంచివాడు, చెవులు మాత్రం తనక్కావలసినప్పుడే పనిచేస్తాయి. వాళ్ళ తాత కట్టించిన మేడ. కింద అంతా నాపరాళ్ళు. పై అంతస్తు నేల టేకు దూలాల మీద ఉంటుంది. దూలాల మీద అడ్డకర్రలు, వాటి మీద ఇటుక, దాని మీద సున్నపు గచ్చు. పాత మేడలన్నీ దాదాపు ఇంతే. దూలం చివర్లు గోడల్లోకి దూరి ఉంటాయి, బయటికి కనపడవు. చెడిపోయేది ఆ కనపడని ముక్కే.

ఆయన భార్య పోయి చాలాకాలమైంది. ఇంట్లో తల్లి రత్తమ్మగారు, ఆయన, పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు హిమబిందు. బారసాలకి వియ్యాలవారు వచ్చేసరికి ఇల్లంతా కొత్త నేల ఉండాలని ఆయన పట్టుదల.

"మార్టూరు వెళ్ళి రాయి చూసొచ్చానండి. పైనా కిందా ఒకటే గ్రానైటు వేసేద్దాం," అన్నాడు.

"కింద వేసుకోండి. పైన వద్దు," అన్నాను.

"మా తాత పైన మిర్చి బస్తాలు వేసేవాడండి. ఏం కాలా."

"బస్తాలు సీజన్లో వస్తాయి, పోతాయి. రాయి పోదు కదండీ. పైగా మీ తాతగారి రోజుల్లో దూలం కొత్తది. దూలాల చివర్లు విప్పి చూసేదాకా పైకి ఒక్క పలక కూడా ఎక్కించొద్దు."

"అలాగేలెండి," అన్నాడాయన.

కొత్తవాళ్ళకి ఈ మాట అర్థం చెబుతాను. మన జిల్లాలో ఇంటి యజమాని "అలాగేలెండి" అన్నాడంటే మీరు చెప్పింది విన్నాడని అర్థం, చేస్తాడని కాదు. ఆ మాట విన్నాక రెండుసార్లు ఫోన్ చేసి ఆరా తీయడం మీ పనిలో భాగం అనుకోండి.

నేను ఫోన్ చేసేలోపే ఆయనే చేశాడు. కాన్పు అనుకున్నదానికంటే ముందే వచ్చింది, ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు, తల్లీబిడ్డా క్షేమం, పసిపిల్ల ఉన్న ఇంట్లో దుమ్ము పని వద్దు కాబట్టి పురుడయ్యాక మొదలుపెడదాం అన్నాడు. సంతోషం అన్నాను. రాయి అప్పటికే వచ్చి పైకి ఎక్కిందన్న ముక్క మాత్రం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

తలుపు ఉబ్బిందన్నారు

వానలు పట్టుకున్నాయి. ముసురు విడవకుండా పడుతున్న ఒక ఉదయం ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. వీలుంటే వచ్చి మెట్లకి రాయి సరిపోతుందో లేదో చూసి వెళ్ళమన్నాడు.

"రాయా? ఎక్కడుందండీ రాయి?"

"పైనే పెట్టించామండి, నైరుతి గదిలో. మన మిర్చి యార్డు హమాలీలే ఎక్కించారు. గోడ పక్కనే పెట్టించాన్లెండి, మధ్యలో కాదు."

"కింద ఆ గదిలో ఎవరున్నారు?"

"అమ్మాయీ పాపా ఉన్నారండి. పురిటి గది అదే కదా."

నిజం చెబుతున్నాను, కారు తాళాలు చేతిలో పెట్టుకుని వాటికోసం ఇల్లంతా వెతికాను. మార్టూరు నుంచి రాయి పనికి వచ్చే మస్తాన్ వలి ఆ రోజు గుంటూరులోనే వేరే పని మీద ఉన్నాడు. ఏళ్ళ తరబడి నాతో కలిసి పనిచేసిన మేస్త్రి. అతన్ని ఎక్కించుకుని బయల్దేరాను. దారిలో సంగతి చెబితే అతను ఒకటే మాట అడిగాడు.

"బస్తాలెత్తేవాళ్ళా సార్ ఎక్కించింది? అయితే పడుకోబెట్టి ఉంటారు."

రాయి పనివాళ్ళు పలకల్ని గోడల పొడవునా అంచు మీద నిలబెట్టి ఆనిస్తారు. నాలుగు గోడలూ బరువు పంచుకుంటాయి. హమాలీలకి అలవాటైన పని వేరు. వాళ్ళు బస్తా మీద బస్తా వేసినట్టు పలక మీద పలక పేర్చేస్తారు. అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళని పిలిచినవాళ్ళది.

మేం వెళ్ళేసరికి శ్రీనివాసరావు గారు హాల్లో పేపరు చదువుకుంటున్నాడు. నేను నైరుతి గది తలుపు వైపు చూశాను. రెండు రెక్కల పాత తలుపు. ఎడమ రెక్క మూసుకుని ఉంది. కుడి రెక్క కొంచెం తెరుచుకుని నాపరాయికి ఒరుసుకుని ఆగిపోయింది. సన్నటి మనిషి పక్కకి తిరిగితే దూరేంత సందు.

"వానకి తలుపు ఉబ్బిందండి. ఎడమ రెక్క అసలు రావట్లా. వడ్రంగి బ్రహ్మానికి కబురు చేశా, వచ్చి రెక్క ఊడదీసి చిత్రిక పట్టేస్తాడు," అన్నాడాయన.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. వానకి ఉబ్బిన తలుపు గొళ్ళెం వైపు నిలువునా పట్టేస్తుంది. ఈ రెక్క నిలువునా పట్టలేదు, పై అంచులో పట్టింది. ద్వారబంధం పై చెక్క కిందికి వంగి రెక్క నెత్తి మీద కూర్చుంది. చెక్క మధ్యలో సన్నటి పగులు, పగులు లోపల కలప రంగు ఇంకా తెల్లగానే ఉంది. అంటే కొత్తగా పగిలింది. ఆ పైన గోడ మీద అరచేతి వెడల్పున చెమ్మ.

గుమ్మం మీదగా ఆ గోడలోకి దిగిన దూలం ఉంది. మొదటిసారి వచ్చినప్పుడే అది చూసి నాకు ఒళ్ళు మండింది. ద్వారబంధం నెత్తిన దూలం పెట్టిన మేస్త్రి ఎవడా అని అడిగితే అసలు సంగతి అప్పుడే తెలిసింది. ఆ గదికి మొదట గుమ్మం దక్షిణం వైపు ఉండేది. దక్షిణపు గుమ్మం ఇంటికి మంచిది కాదని ఎవరో చెబితే దానికి మేకులు కొట్టి మూసేసి, హాల్లోంచి ఈ గుమ్మం తెరిచారు. తెరిచినవాడు పైన దూలం ఎక్కడుందో చూసుకోలేదు. ట్యాంకు గొట్టం కూడా అదే గోడలో దింపారు.

ఇప్పుడు ఆ దూలం చివర కుంగుతోంది. దాన్ని మోస్తున్నది గోడ కాదు, ఆ బిగిసిపోయిన ఎడమ రెక్క. ఆ రెక్క ఊడదీయడానికి వడ్రంగి వస్తున్నాడు.

పురిటి గది బయట

మస్తాన్ అప్పటికే మెట్లెక్కబోతున్నాడు, పలకలు దించేద్దామని. చెయ్యి పట్టుకుని ఆపాను.

"పైకి ఎవరూ ఎక్కొద్దు. పైన అడుగేస్తే మన బరువు కూడా దానికే."

"మరి బరువు దించకుండా ఎట్లా సార్?"

"ముందు కిందున్న మనుషుల్ని తీయాలి."

సందు దగ్గరకి వెళ్ళి నిలబడ్డాను. లోపలినుంచి రత్తమ్మగారి గొంతు వచ్చింది. "ఎవరయ్యా అక్కడ? మగాళ్ళు ఇటు రాకూడదు."

"ఇంజనీర్నమ్మా. లోపలికి రాను. మంచం ఎక్కడుందో చెప్పండి."

"తలుపు పక్క గోడకే. కిటికీ గాలి తగలకుండా."

"పైనుంచి ఏమైనా రాలుతోందా అమ్మా?"

ఆవిడ జవాబు చెప్పేలోపే మనవరాలి గొంతు వినిపించింది. నీరసంగా ఉన్నా స్పష్టంగా ఉంది. "నిన్నట్నుంచి దోమతెర మీద సున్నం పడతా ఉందండీ. నాయనమ్మకి చెబితే బల్లి అంది. పొద్దున ఇటుక పొడి కూడా పడింది."

"అమ్మా హిమబిందూ, పాపని తీసుకుని మెల్లగా అవతలి గోడ దగ్గరికి వెళ్ళిపో. దక్షిణం వైపు. మంచం కదపొద్దు, ఈ తలుపు ముట్టుకోవద్దు. పెద్దమ్మగారూ, మీరూ వెళ్ళండి."

లోపల పాదాలు ఈడ్చుకుంటూ వెళ్ళిన చప్పుడు, పాప ఏడుపు. ఆ వైపు గోడ పొడిగా ఉంటే దూలం అటు చివర గట్టిగా ఉంటుంది. పడితే ఇటు పడుతుంది.

శ్రీనివాసరావు గారు పేపరు మడిచి లేచాడు. ఆయనకి కోపం వచ్చింది. "ఏంటండీ మీరు, బాలింతని భయపెడతారు? తలుపు ఉబ్బితే ఇల్లు కూలిపోద్దా? పైన రాయి వద్దని మీరు మొదట్నుంచీ అంటున్నారు. ఇప్పుడు దూలాల పని కూడా తగిలించాలని చూస్తున్నారు."

ఈ మాట నా జీవితంలో చాలామంది అన్నారు. మీతో కూడా అంటారు. అలవాటు చేసుకోండి. ఆ రోజు మాత్రం నేను తట్టుకోలేకపోయాను. "నాకు మీ పని వద్దు, మీ ఇల్లూ వద్దు. మీ కూతుర్ని బయటికి తీసుకురండి, నేను మళ్ళీ మీ గుమ్మం తొక్కను," అని అరిచాను. లోపల పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. అరవడం తప్పే, కానీ ఆ అరుపుకి ఆయన మొదటిసారి తలెత్తి ఆ పగులు వైపు చూశాడు.

అప్పుడే బ్రహ్మం సంచీ భుజాన వేసుకుని తడుస్తూ వచ్చాడు. తిన్నగా తలుపు దగ్గరికి వెళ్ళి ఎడమ రెక్క మీద చెయ్యి వేయబోయాడు. మస్తాన్ అతన్ని వెనక్కి లాగిన తీరుకి సంచీలో ఉలులు కింద పడ్డాయి.

"ఏందన్నా?" అన్నాడు బ్రహ్మం.

"పైకి చూడు," అన్నాడు మస్తాన్.

బ్రహ్మం చూశాడు. కొయ్య తెలిసిన మనిషి కదా, ఇంకో మాట అడగకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

దక్షిణపు గుమ్మం

కుడి రెక్క సందులోంచి హిమబిందు రాలేదు. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. వచ్చినా భుజం ద్వారబంధానికి తగలకుండా రాలేదు. అసలు ఆ గుమ్మం కిందగా ఎవర్నీ రానివ్వడం నాకిష్టం లేదు. మిగిలింది మేకులు కొట్టిన దక్షిణపు గుమ్మం.

నేనూ మస్తానూ బ్రహ్మమూ వానలో ఇల్లు చుట్టి అటు వెళ్ళాం. గోడ తట్టి చూశాను, పొడిగా, గట్టిగా ఉంది. పగుళ్ళు లేవు. గుమ్మానికి బయట అడ్డంగా చెక్కలు. వాటికి తుప్పు పట్టిన మేకులు.

"సుత్తి తగలకూడదు బ్రహ్మం. ఒక్క దెబ్బ కూడా. మెల్లగా పీకగలవా?"

"పీకుతానండి. తుప్పుపట్టి ఉన్నాయి, తలలు విరుగుతాయి. విరిగితే రంపంతో చెక్క కోస్తాను. చప్పుడు రానివ్వను."

అతను పని మొదలుపెట్టాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి లోపలికి వినపడేలా సంగతి చెప్పాను.

రత్తమ్మగారు కిటికీ ఊచలు పట్టుకుంది. పొట్టి మనిషి, చూపు మాత్రం సూటిగా ఉంటుంది. "ఏవయ్యా ఇంజనీరూ, ఇవాళ అమావాస్య. పురుడు కాలేదు. పసిగుడ్డుని దక్షిణపు గుమ్మంలోంచి బయటికి తీయమంటావా? ఆ దిక్కు నుంచి ఇంట్లోంచి బయటికి ఎవరు పోతారో తెలుసా నీకు?"

నాకు తెలుసు. మన పల్లెల్లో పుట్టి పెరిగిన ప్రతివాడికీ తెలుసు. ఆవిడ చాదస్తం అనుకుని నవ్వేవాళ్ళుంటే వాళ్ళు మనుషులతో పని చేయలేరు. ఆ పాప కాన్పు ముందే వచ్చి, ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టి, ఎలాగో ఇంటికి చేరింది. ఆవిడ దాన్ని కంటికి రెప్పలా కాస్తోంది. ఆవిడ భయం పాప కోసమే, నా భయమూ పాప కోసమే. ఇద్దరి భయాలూ ఎదురుబొదురుగా నిలబడ్డాయి.

"దుర్ముహూర్తం దాటేదాకా ఆగుదాం అమ్మా, అంటున్నాడు పంతులు," అన్నాడు వెనకనుంచి శ్రీనివాసరావు గారు, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని. ఆయన ఆ వానలో పంతులుకి ఫోన్ చేస్తున్నాడు.

రత్తమ్మగారు కొడుకుని చూడలేదు. నన్నే చూస్తోంది. "నీకు మనవరాలుందా?"

"ఉందమ్మా."

"అదే ఇక్కడుంటే?"

"మిమ్మల్ని అడిగేవాణ్ణి కూడా కాదు. ఎత్తుకుపోయేవాణ్ణి."

ఆ మాట పూర్తి కాకముందే గదిలోపల ఏదో టపటపా రాలింది. మంచం మీద ఇటుక ముక్కలు. దోమతెర ఒకవైపు తెగి వేలాడింది. హిమబిందు పాపని గుండెలకి హత్తుకుని గోడకి అతుక్కుపోయింది. అరవలేదు. "నాయనమ్మా," అని ఒక్కసారి పిలిచింది.

బ్రహ్మం చివరి చెక్క లాగాడు. తలుపు లోపలికి తెరుచుకుంది. ఏళ్ళుగా మూసిన గుమ్మం, గడప నిండా మట్టి.

రత్తమ్మగారు మనవరాల్ని చేత్తో ఆపింది. "నువ్వుండు. ముందు నేను దాటతా. ఈ గుమ్మంలో ఏముందో అది నాకు తగలనీ. ఆ తర్వాత బిడ్డని నాకందించు." చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆ గడప దాటింది. వానలో నిలబడి వెనక్కి తిరిగి రెండు చేతులూ చాపింది. పాపని అందుకుని కొంగు కప్పింది. హిమబిందుని తండ్రి చెయ్యి పట్టుకుని మెల్లగా దించాడు.

నాకు ఏడుపొచ్చింది. వాన కాబట్టి ఎవరికీ కనపడలేదు.

కారులో బాలింత, గదిలో మేము

ఎక్కడ కూర్చోబెట్టాలి? పురుటి మైలలో ఉన్నవాళ్ళని ఇంట్లోకి రమ్మనడానికి పొరుగావిడ తటపటాయించింది. పెరట్లో రేకుల షెడ్డు ఉంది, కానీ నిండా మిర్చి బస్తాలు. ఆ ఘాటులో పెద్దవాళ్ళే తుమ్ముతారు. నా కారు తలుపులు తీసి వెనక సీట్లో కూర్చోబెట్టాం. తువ్వాళ్ళు కప్పి, హీటరు వేసి, నెమ్మదిగా అద్దం కొంచెం దించాను. పాప ఏడుపు ఆపింది.

శ్రీనివాసరావు గారు కారు పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తల్లి ఆయన్ని చూసి అంది, "ఒరేయ్ శీనూ, నైరుతిలో బరువుండాలన్నారు గానీ, పిల్ల నెత్తి మీద పెట్టమన్నారంట్రా?" ఆయన గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

పక్క వీధిలో స్లాబు పని జరుగుతుంటే అక్కడ స్లాబు కింద పోటు పెట్టే ఇనప ప్రాపులు, మర తిప్పితే పొడుగయ్యే కంబాలు, అడిగి తెచ్చాం. ఇప్పుడు మస్తాన్‌కీ నాకూ గొడవ. ప్రాపు గోడ పక్కనే, కుంగిన చోటే పెడదాం అంటాడు అతను. అక్కడ కలప చచ్చిపోయి ఉంటుంది, ప్రాపు అందులోకి దిగిపోతుంది, గోడకి ఎడంగా గట్టి కొయ్య దగ్గర పెట్టాలంటాను నేను. మేమిద్దరం తప్ప లోపలికి ఎవరూ వెళ్ళకూడదు కాబట్టి ఎవరి మాట వినాలో చెప్పేవాడు కూడా లేడు. చివరికి మస్తాన్ చిన్న ఇనప కడ్డీతో దూలం మీద తట్టుకుంటూ వచ్చాడు. చప్పుడు మొద్దుగా ఉన్న చోట చచ్చిన కొయ్య, గణగణమన్న చోట బతికినది. గణగణ మొదలైన చోట గుర్తు పెట్టాం.

ప్రాపు కింద చెక్క, పైన చెక్క. దక్షిణపు గుమ్మంలోంచే వెళ్ళి, దూలం అటువైపు నుంచి మొదలుపెట్టి ఇటు జరుగుతూ వచ్చాం. ఆఖరిది బిగిస్తుండగా హాలు వైపు తలుపు ఎడమ రెక్క నిలువునా చీలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దూలం జారింది, ప్రాపు మీదికి వాలింది, నిలిచింది. నేనూ మస్తానూ కదల్లేదు. పైన పలకలు ఒకదాని మీద ఒకటి సర్దుకున్న చప్పుడు వినిపించి ఆగిపోయింది.

"తిప్పు," అన్నాను. మస్తాన్ ఇంకో మర తిప్పాడు. అతని నుదుటి మీద చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

విప్పి చూస్తే

మర్నాడు రాయి పనివాళ్ళు వచ్చి, గోడ వారగా చెక్కలు పరిచి వాటి మీద నడుస్తూ, పలకలు ఒక్కొక్కటే దించారు. ఆ తర్వాత గుమ్మం పైన సున్నం చెక్కి దూలం చివర బయటపెట్టాం. లోపల గొట్టం సన్నగా కారుతూనే ఉంది. నేను శ్రీనివాసరావు గారిని పిలిచి చెయ్యి పెట్టమన్నాను. ఆయన చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. తడి పొట్టు పిడికిట్లోకి వచ్చింది. టేకు అని చెప్పుకునేది అదే.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "బ్రహ్మాన్ని పొద్దున్నే రమ్మన్నానండి. వేరే చోట పని ఉండి ఆలస్యంగా వచ్చాడు. ఆలస్యమైందని ఫోన్లో తిట్టాను," అన్నాడు. అక్కడే మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది కొంచెమే. పాత ఇంట్లో నేల పని ప్లాను చేసేటప్పుడు రాయి ఎంత పడుతుందన్నది తర్వాత లెక్క. ముందు పైన నేల దేని మీద నిలబడిందో చూడండి. దూలం చివర్లు విప్పించండి, విప్పనివ్వకపోతే పని ఒప్పుకోకండి. ఎక్కడ నీళ్ళ గొట్టం గోడలో దిగిందో అడగండి. సరుకు వచ్చాక ఎక్కడ దించాలో, ఎవరు దించాలో ముందే చెప్పండి, చెప్పి ఊరుకోకుండా ఆ రోజు వెళ్ళి నిలబడండి. 'తలుపు ఉబ్బింది' అని ఎవరైనా అంటే పనిముట్లు పక్కన పెట్టి ముందు ఆ తలుపు చూడండి. ఇంటివాళ్ళ నమ్మకాలతో వాదనకి దిగకండి. మీకు టైముండదు, వాళ్ళు మారరు. వాళ్ళు దేనికోసం భయపడుతున్నారో అదే మీరూ కాపాడాలనుకుంటున్నారని అర్థమయ్యేలా చెప్పండి చాలు.

పురుడు చుట్టాల ఇంట్లో జరిగింది. చెడిన దూలం తీసి ఇనప గర్డరు వేశాం. హాలు వైపు గుమ్మాన్ని దూలం కింద నుంచి పక్కకి జరిపాం. పైన సున్నపు గచ్చునే శుభ్రం చేయించి మెరుగు పెట్టించాను, ఇప్పటికీ అద్దంలా ఉందంటారు. గ్రానైటు కింద వేయడానికి ఒప్పుకున్నాను.

కింద పని మొదలుపెట్టే రోజు లెవెలు పట్టడానికి వెళ్ళాను. శ్రీనివాసరావు గారు నన్ను పక్కకి పిలిచి, దక్షిణపు గుమ్మం మళ్ళీ మూసేయమని వాస్తు ఆయన చెబుతున్నాడనీ, ఈసారి చెక్కలు కాకుండా గోడే కట్టేద్దామనీ మెల్లగా అన్నాడు. రత్తమ్మగారు ఎప్పుడు వచ్చిందో వెనకే నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుని నైరుతి గదిలోకి తీసుకెళ్ళింది.

ఆ దక్షిణపు గడప కడిగి ఉంది. మొత్తం పసుపు రాసి, వరుసగా కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. పక్కనే గోడకి ఉయ్యాల, ఉయ్యాలలో పాప నిద్రపోతోంది.

"నీ రాయి వేస్తే నేల ఎంత లేస్తుంది?" అని అడిగింది.

చూపించాను. గడప సగం మునిగిపోతుంది.

"మునగకూడదు. ఇది నడక నేర్చాక మొదట దాటేది ఈ గడపే," అంది.

నేను బయటికి వచ్చి మస్తాన్‌తో పాత నాపరాళ్ళన్నీ పీకించమన్నాను. కింద మట్టి తీయించి, ఇల్లంతటికీ లెవెలు ఆ గడప నుంచే పట్టాను.